గూట్లో పొడి, కుప్పలో తడి: పెరటి కోళ్ల పెంట సంగతి

విజయవాడలో పెరటి కోళ్ల మీద వచ్చే తగాదాల్లో పుంజు కూత గురించి వచ్చేవి కొన్నే, మిగతావన్నీ వాసన గురించే. పటమట అయినా, సింగ్ నగర్ అయినా, కాస్త ఖాళీ జాగా ఉండే పోరంకి, పెనమలూరు వైపు అయినా ఇదే తీరు. ముచ్చటపడి ఓ పది కోళ్లు తెచ్చుకుంటారు, గుడ్లు వస్తుంటాయి, పిల్లలు సంబరపడతారు, నాలుగు నెలలు తిరిగేసరికి పక్కింటావిడ గోడ మీంచి పలకరించడం మానేస్తుంది. అక్కణ్ణుంచి టెన్షన్ మొదలు. పొద్దున్నే పైపు పెట్టి గూడంతా కడగడం, ఫినాయిల్ పొయ్యడం, బ్లీచింగ్ చల్లడం, ఊడ్చిన పెంటని కవర్లో మూట కట్టి మున్సిపాలిటీ బండిలో వెయ్యడం, బండి రాని రోజు కాలవ గట్టున పారబోసి రావడం. ఇంత చేసినా వాసన తగ్గదు, ఈగలు తగ్గవు, చివరికి కోళ్లనే అమ్మేస్తారు.

తగ్గకపోవడానికి కారణం చేసేవన్నీ తల్లకిందులుగా చెయ్యడమే. గూడు పొడిగా ఉండాలి, మనం రోజూ తడుపుతున్నాం. బయట పోసిన కుప్ప తేమగా ఉండాలి, దాన్ని ఎండకి వదిలేసి పిడకలా ఎండబెడుతున్నాం, లేదంటే వానకి వదిలేసి బురద చేస్తున్నాం. వాసన, ఈగలు, కోళ్ల జబ్బులు, ఎరువు వేస్తే మొక్కలు మాడిపోవడం, ఇవన్నీ వేరువేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ అన్నిటికీ మూలం ఒకటే. రెట్టలో ఉన్న నత్రజనికి తడి ఎక్కడ తగిలింది, ఎప్పుడు తగిలింది అన్నదే అసలు సంగతి.

రెట్ట మీద తెల్లగా కనిపించేది

కోడికి మూత్రం విడిగా రాదు. ఆవు, మేక, మనిషి అయితే ఒంట్లో మిగిలిన నత్రజనిని యూరియాగా మార్చి నీళ్లలో కలిపి బయటికి పంపేస్తాం. కోడి దాన్నే యూరిక్ ఆమ్లంగా మార్చి, తెల్లటి ముద్దలా రెట్టతో పాటే వదులుతుంది. గోధుమ రంగు రెట్ట మీద సున్నం పెట్టినట్టు కనిపించేది అదే. ఈ యూరిక్ ఆమ్లానికి వాసన ఉండదు, నీళ్లలో అంత తేలిగ్గా కరగదు, పొడిగా ఉన్నంతకాలం అలా పడి ఉంటుంది.

తడి తగిలితే కథ మారుతుంది. సూక్ష్మజీవులు దాన్ని యూరియాగా, ఆ యూరియాని అమ్మోనియాగా విడగొడతాయి. ముక్కుని కోసేసే ఆ ఘాటు అమ్మోనియాదే. వేడి పెరిగిన కొద్దీ ఈ పని వేగంగా జరుగుతుంది, క్షార గుణం పెరిగిన కొద్దీ అమ్మోనియా ఎక్కువగా గాల్లోకి లేస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు తగిలే ఊళ్లో వేడిని మనం ఆపలేం. మన చేతిలో ఉన్నది తడి ఒక్కటే.

పైగా తాజా రెట్టలో నూటికి 75 వంతులు నీళ్లే. గుడ్లు పెట్టే కోడి రోజుకి సుమారు 100 నుంచి 150 గ్రాముల రెట్ట వేస్తుంది, ఒళ్లు తక్కువుండే నాటు కోడి అయితే ఇంకాస్త తక్కువ. సగటున 120 గ్రాములు అనుకుంటే పది కోళ్లకి రోజుకి కిలోంబావు దాకా, నెలకి 36 కిలోలు, ఏడాదికి 430 కిలోల పైమాటే. నీళ్లు పోగా మిగిలేది ఓ 110 కిలోలు. వ్యవసాయ పుస్తకాల్లో మామూలుగా ఇచ్చే అంకెల ప్రకారం కోళ్ల ఎరువులో నత్రజని 3 శాతం, భాస్వరం 2.6 శాతం, పొటాష్ 1.4 శాతం దాకా ఉంటాయి. పశువుల ఎరువులో అయితే నత్రజని అర శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ అర శాతం. అంటే పది కోళ్ల నుంచి ఏడాదికి ఓ మూడు కిలోల పైగా నత్రజని వస్తుంది, అది ఏడు కిలోల యూరియాతో సమానం. పెరటి తోటకి ఇది చిన్న సంగతి కాదు. ఘాటు వాసన వస్తోందంటే మీ మొక్కలకి వెళ్లాల్సిన ఆ నత్రజనే పక్కింటివాళ్ల కిటికీలోకి పోతోందని అర్థం. అందుకే వాసన తగ్గించడం, ఎరువు కాపాడుకోవడం రెండు పనులు కావు, ఒకటే పని.

ఇంట్లో వాళ్లకి ఈ వాసన తెలియకపోవడానికి కూడా కారణం ఉంది. అమ్మోనియాకి ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది. రోజూ గూట్లోకి వెళ్లే మనిషికి ఏమీ లేదనిపిస్తుంది, బయటి నుంచి వచ్చిన చుట్టం గేటు దగ్గరే ముక్కు మూసుకుంటాడు. నిజం తెలుసుకోవాలంటే పొద్దున్నే తలుపు తీసిన వెంటనే, కోడి తల ఎంత ఎత్తులో ఉంటుందో అంత కిందికి వంగి గాలి పీల్చి చూడండి. కళ్లు మండితే కోళ్ల పరిస్థితి అప్పటికే బాగోలేదు. గూటి గాలిలో అమ్మోనియా 25 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలికి 25 పాళ్లు, దాటకూడదని కోళ్ల పెంపకంలో లెక్క. అది దాటి చాలాకాలం ఉంటే కళ్లు వాస్తాయి, శ్వాసనాళం లోపలి పొర దెబ్బతింటుంది, ఇక చిన్న జలుబు కూడా పెద్ద జబ్బై కూర్చుంటుంది.

గూట్లోకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి

ఇక్కడ కాస్త ఓపిగ్గా చూడాలి. పెంట గురించి అడిగేవాళ్లలో చాలామంది ఏం చల్లాలి అని అడుగుతారు, తడి ఎక్కణ్ణుంచి వస్తోంది అని ఎవరూ అడగరు.

మొదటిది మన పైపే. సిమెంటు నేల, డాబా మీద గూడు ఉన్నవాళ్లకి కడిగితేనే శుభ్రం అనిపిస్తుంది. కడిగిన నీళ్లు పగుళ్లలోకి, మూలల్లోకి, గూటి కింద జాగాలోకి వెళ్లి అక్కడ మిగిలిన కొద్దిపాటి పెంటని రోజూ తడిగా ఉంచుతాయి, ఎండ వేడికి అది పులిసిపోతూ ఉంటుంది. కడిగే బదులు గీకి ఊడ్చి, పొడి ఊక చల్లితే వాసనలో రెండు మూడు రోజుల్లోనే తేడా తెలుస్తుంది.

రెండోది నీళ్ల గిన్నె. కోళ్లు తాగేటప్పుడు చిందిస్తాయి, కాలితో తన్నేస్తాయి, ఎండాకాలం అయితే అందులో నిలబడతాయి కూడా. గిన్నెని లిట్టర్ మీద, అంటే గూట్లో కింద పరిచిన ఊక మీద, పెట్టకుండా, ఇటుకలు పేర్చి దాని మీద జాలీ వేసి, కోడి వీపు ఎత్తులో పెడితే చిందిన నీళ్లు కిందికి దిగి ఊకని తడపవు. వీలైతే గూటి బయటే పెట్టాలి.

మూడోది చాలామందికి తట్టనిది, మనం పెట్టే తిండి. మన ఇళ్లలో మిగిలిన అన్నం, కూర, పచ్చడి కలిపిన ముద్దలు కోళ్లకి వేస్తాం. గుంటూరు, విజయవాడ ఇళ్ల పచ్చళ్లలో ఉప్పు ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. ఉప్పు ఎక్కువ తిన్న కోడి ఎక్కువ నీళ్లు తాగుతుంది, రెట్ట నీళ్లలా పడుతుంది, రెండ్రోజుల్లో గూడు చిత్తడి అయిపోతుంది. ఉప్పూ కారం కలవని నూకలు, జొన్నలు, చోళ్లు, తవుడు, కూరగాయల తొక్కలు వెయ్యండి. రోహిణి కార్తె ఎండల్లో ఎలాగూ కోళ్లు నీళ్లు విపరీతంగా తాగుతాయి, అప్పుడు రెట్ట పలచబడటం సహజమే, అందుకే ఎండాకాలంలో నేల ఎండిపోతున్నా గూడు మాత్రం కంపు కొడుతుంది. ఆ రోజుల్లో ఊక కాస్త ఎక్కువ వెయ్యడం తప్ప వేరే మార్గం లేదు.

సంక్రాంతి కోసం పుంజుల్ని సాకే ఇళ్లలో ఇంకో చిక్కు ఉంటుంది. కాలికి తాడు వేసి ఒక్కోదాన్ని ఒక్కో గూటానికి కట్టేస్తారు కాబట్టి నెలల తరబడి రెట్టంతా ఒకే చోట పడుతుంది. ఆ గూటాన్ని వారానికోసారి ఓ నాలుగడుగులు జరిపి, పాత చోటుని పారతో తిరగేసి ఎండనిస్తే చాలు, చాలావరకు అదే సర్దుకుంటుంది.

కింద ఏం పరచాలి

మనకి అందుబాటులో ఉన్నవాటిలో వరి ఊక మొదటి వరసలో ఉంటుంది. చుట్టూ రైస్ మిల్లులు ఉన్న ప్రాంతం మనది, తేలిగ్గా ఉంటుంది, గడ్డకట్టదు, గాలి ఆడుతుంది. అయితే అది తడిని పీల్చుకోవడంలో అంత గొప్పది కాదు. రంపపు పొట్టు, కొబ్బరి పొట్టు ఇంకా బాగా పీలుస్తాయి. రంపపు పొట్టు తెచ్చేటప్పుడు అది ప్లైవుడ్‌దో, రంగు వేసిన చెక్కదో, చెదలు పట్టకుండా మందు పట్టించిన కలపదో కాకుండా చూసుకోవాలి, మరీ సన్నటి పొడి అయితే కోళ్ల ఊపిరితిత్తులకి మంచిది కాదు. వేరుశనగ తొక్కలు బాగుంటాయి గానీ తేమ తగిలితే బూజు త్వరగా పడుతుంది, ఆ బూజు కోళ్లకి ప్రమాదం. వరిగడ్డి అలాగే పొడుగ్గా పరిస్తే చాపలా అట్టకట్టి కింద తడి నిలిచిపోతుంది, అరచెయ్యంత ముక్కలుగా నరికి ఊకతో కలిపితే మేలు. మిర్చి యార్డు దగ్గర ఉన్నవాళ్లకి తొడిమలు, తాలు కాయలు ఊరికే దొరుకుతాయి కదా అని గూట్లో వెయ్యొద్దు, ఆ ఘాటుకి ఊడ్చే మనుషులు తట్టుకోలేరు.

నా ఓటు మాత్రం ఊక మూడు వంతులు, కొబ్బరి పొట్టో రంపపు పొట్టో ఒక వంతు కలిపిన మిశ్రమానికి. నాలుగు నుంచి ఆరు అంగుళాల మందాన పరిచి, రెండు మూడు రోజులకోసారి దంతెతో పైకీ కిందకీ కలిపి, తడిసిన చోట గడ్డల్ని తీసేసి, పైన కొత్త ఊక వేస్తూ పోతే అదే డీప్ లిట్టర్ పద్ధతి. ఇందులో పెంట రోజూ తియ్యాల్సిన పని లేదు, నెలల తరబడి అలా పెరుగుతుంది. గుప్పెట్లో పట్టి నొక్కి వదిలితే విడిపోవాలి, ముద్దలా నిలబడిందంటే తడి ఎక్కువైందని లెక్క. మంచి లిట్టర్‌లో తేమ 20 నుంచి 30 శాతం మధ్య ఉంటుంది.

ఇంకో చిట్కా చాలా శ్రమ తప్పిస్తుంది. కోళ్లు రోజు మొత్తం వేసే రెట్టలో పెద్ద భాగం రాత్రి కర్ర మీద కూర్చుని ఉన్నప్పుడే పడుతుంది. ఆ కర్ర కింద ఓ రేకో, పాత ప్లాస్టిక్ తొట్టో పెట్టి అందులో రెండంగుళాల ఊక పోసి, పొద్దున్నే పైపైన పడ్డదాన్ని తాపీతో తీసి బస్తాలో వేసుకుంటే అయిదు నిమిషాల పని. గూడు మొత్తం ఊడ్చే అవసరం సగానికి తగ్గిపోతుంది.

సున్నం, బూడిద, బ్లీచింగ్

తడి పెంట మీద సున్నం చల్లితే వాసన చస్తుందని గట్టి నమ్మకం. బూడిద చల్లడమూ అలాంటిదే. రెండూ క్షార గుణం ఉన్నవి. తడి పెంటలో అమ్మోనియం రూపంలో కట్టుబడి ఉన్న నత్రజని, క్షారం తగలగానే అమ్మోనియా వాయువుగా పైకి లేస్తుంది. అందుకే చల్లిన రోజు ఘాటు పెరుగుతుంది. తర్వాత తగ్గినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే పోవాల్సిన నత్రజని అప్పటికే పోయింది. సున్నానికి వేరే చోటు ఉంది. గూడు పూర్తిగా ఖాళీ చేసి, గీకి, కడిగి, ఆరబెట్టిన తర్వాత నేలకీ గోడలకీ సున్నం కొట్టి, అది ఎండాక కొత్త ఊక పరచడం మంచి పద్ధతి. బూడిదని ఎండు మట్టిలో కలిపి ఓ మూలన పోస్తే కోళ్లు అందులో పొర్లాడి పేల బాధ తగ్గించుకుంటాయి.

బ్లీచింగ్ పౌడర్ విషయం ఇంతకంటే తీవ్రమైనది, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అమ్మోనియా ఉన్నచోట బ్లీచింగ్ పడితే క్లోరమైన్ అనే వాయువు పుడుతుంది. గొంతు, కళ్లు, ఊపిరితిత్తులు మండిపోతాయి. గాలి ఆడని గూట్లో తల పెట్టి ఊడుస్తున్న మనిషికి, పారిపోలేని కోళ్లకి ఇది నిజంగా ప్రమాదం. పెంట ఉన్నంతవరకు బ్లీచింగ్ జోలికి పోవద్దు. పెద్ద ఫారాల్లో అమ్మోనియాని కట్టడి చెయ్యడానికి సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు చల్లుతుంటారు, పది కోళ్ల గూటికి అంత అవసరం లేదు, పొడి ఊకే మందు.

ఈగలు, జబ్బులు, వరద

ఈగ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి కొత్త ఈగ బయటికొచ్చేదాకా మన ఎండాకాలపు వేడిలో ఓ వారం, పది రోజులు చాలు. దాని పురుగుకి తడి పెంట కావాలి, పొడి లిట్టర్‌లో బతకదు. కాబట్టి ఈగల మందు కొనేముందు తడి మచ్చలు ఎక్కడున్నాయో వెతకండి, వాటిని వారంలో రెండుసార్లు తీసేస్తే ఈగ పుట్టుక మధ్యలోనే తెగిపోతుంది. కుప్పలో తిండి గింజలు కలిసిపోతే పందికొక్కులు వస్తాయి, వాటి వెనకే పాములు. రాత్రిపూట మేత గిన్నె తీసెయ్యడం, కుప్పకి అడుగున సన్న జాలీ వెయ్యడం మంచిది.

జబ్బుల్లో లిట్టర్‌తో నేరుగా ముడిపడినది రక్తపారుడు, అదే కాక్సీడియోసిస్. దాని క్రిమి రెట్టలో బయటికొచ్చినప్పుడు హాని చెయ్యదు, తేమ, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో అంటుకునే దశకి చేరుతుంది. పిల్లల గూడు తడిగా ఉంటే చనిపోయేది ఎక్కువగా దీనివల్లే. మనుషులకి సాల్మొనెల్లా లాంటి కడుపు జబ్బుల క్రిములు రెట్ట నుంచి చేతికి, చేతి నుంచి నోటికి వస్తాయి, కాబట్టి గూడు ఊడ్చాక సబ్బుతో చేతులు కడగడం, అయిదేళ్లలోపు పిల్లల్ని ఆ పనికి దూరంగా ఉంచడం తప్పనిసరి. పొడి లిట్టర్ ఊడిస్తే దుమ్ము లేస్తుంది, ముక్కుకి మాస్కు వేసుకోండి, కాసిని నీళ్లు చిలకరించి ఆపైన తియ్యండి.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయ్యాక చాలామంది చికెన్ తినడం మానేశారు గానీ, ఫారాల నుంచి చవగ్గా దొరికే కోళ్ల ఎరువుని పెరటికి తెచ్చుకోవడం మీద ఎవరూ ఆలోచించలేదు. వైరస్ రెట్టలో బతుకుతుంది, బస్తాకి, చెప్పులకి, బండి టైరుకి అంటుకుని తిరుగుతుంది. ఇంట్లో కోళ్లు ఉన్నవాళ్లు బయటి ఫారం పెంటని గానీ, వాడిన ఊకని గానీ తెచ్చుకోకపోవడమే మంచిది. ఒకేసారి రెండు మూడు కోళ్లు చనిపోతే వాటిని కుప్పలో వెయ్యకుండా దగ్గరి పశువైద్యశాలకి చెప్పండి, సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉంది. చిన్న కుప్పలో పుట్టే వేడి చచ్చిన కోడిలోని క్రిముల్ని చంపడానికి చాలదు.

వరద సంగతి కూడా చెప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. పల్లపు పేటల్లో ఉన్నవాళ్లు పెంట బస్తాల్ని నేల మీద కాకుండా అరుగు మీదో, డాబా మీదో దాచాలి. మునిగిన లిట్టర్‌ని ఎండబెట్టి మళ్లీ వాడాలని చూడొద్దు, మురుగు, ఎలుకల మూత్రం అందులో కలిసి ఉంటాయి. చేతులకి తొడుగులు వేసుకుని మొత్తం ఎత్తెయ్యాలి.

కుప్ప ఎందుకు వేడెక్కదు

ఎరువు తయారవ్వాలంటే కుప్పలో సూక్ష్మజీవులు పనిచెయ్యాలి, వాటికి కర్బనం, నత్రజని, గాలి, తేమ కావాలి. నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండాలని లెక్క. వట్టి రెట్టలో ఈ నిష్పత్తి పదికి లోపే, అంటే నత్రజని మరీ ఎక్కువ, అందుకే వట్టి పెంట కుప్ప పోస్తే కంపు. దాంట్లో ఊక కలిసింది కదా, సరిపోతుంది కదా అనుకుంటారు. కాగితం మీద ఊకలో కర్బనం దండిగానే ఉంది. కానీ అది సిలికాతో గట్టిపడిన పొట్టు, సూక్ష్మజీవులకి అంత తేలిగ్గా లొంగదు, ఆరు నెలల తర్వాత కూడా ఊక ఊకలాగే కనిపిస్తుంది. కుప్పలో గాలి ఆడటానికి అది బాగా పనికొస్తుంది, తిండిగా మాత్రం చాలదు. త్వరగా కుళ్లే కర్బనం వేరేగా ఇవ్వాలి: నరికిన వరిగడ్డి, వేపాకులు, బాదం ఆకులు, చింపిన అట్టపెట్టెలు. పరిమాణంలో ఒక తట్ట పెంటకి రెండు మూడు తట్టల ఎండు సరుకు. లంక అరటితోటల దగ్గర ఉన్నవాళ్లు బోదెల్ని ముక్కలు చేసి పొరల మధ్య వేస్తే తేమా నిలుస్తుంది, పొటాషూ వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తేనే రోగక్రిములు, కలుపు విత్తనాలు చస్తాయి. ఆ వేడి నిలవాలంటే కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులైనా ఉండాలి. పది కోళ్ల పెంట రోజుకో చేటెడు చొప్పున వేసుకుంటూ పోతే అంత కుప్ప అవ్వడానికి నెలలు పడుతుంది, ఈలోగా ముందు వేసింది చల్లగా కుళ్లుతూ, వాసన కొడుతూ, ఈగల్ని పెంచుతూ ఉంటుంది. చాలా ఇళ్లలో కంపోస్టు కుదరకపోవడానికి కారణం ఇదే, పద్ధతి తెలియక కాదు, సరుకు ఒకేసారి లేక.

అందుకే పొడిగా దాచుకుని, ఒక్కరోజున కుప్ప వెయ్యాలి. కర్ర కింద తీసిన రెట్టని ఊకతో కలిపి, నీడలో బాగా ఆరబెట్టి, గోనె సంచుల్లో వాన తగలని చోట పెట్టుకుంటే నెలలు గడిచినా వాసన రాదు, నత్రజని కూడా చాలావరకు అందులోనే ఉంటుంది. మహాశివరాత్రి దాటాక ఓ ఆదివారం గూట్లో డీప్ లిట్టర్ మొత్తం తీసి, ఈ సంచులూ, ఆకులూ, గడ్డీ పొరలు పొరలుగా పేర్చి, ప్రతి పొర మీదా నీళ్లు చల్లుతూ కుప్ప కట్టండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. తేమ 50 నుంచి 60 శాతం అన్నమాట. పైన తాటాకులో, గోనెలో కప్పాలి. ప్లాస్టిక్ పట్టా బిగించి కప్పితే గాలి ఆడదు.

కుప్ప మధ్యలోకి ఓ ఇనప చువ్వ దిగగొట్టి ఉంచండి. మూడో రోజో నాలుగో రోజో బయటికి లాగి పట్టుకుంటే చెయ్యి కాలేంత వేడిగా ఉండాలి. లేకపోతే తేమ తక్కువైంది, లేదా గడ్డి మరీ ఎక్కువైంది. వేడి తగ్గుముఖం పట్టగానే అంచుల్లో ఉన్నది లోపలికి, లోపలిది బయటికి వచ్చేలా తిరగెయ్యాలి, మళ్లీ వేడెక్కుతుంది. మన వేసవిలో కుప్ప ఎండిపోవడం చాలా త్వరగా జరుగుతుంది, పైకి ఎండి లోపల బూడిద రంగు తిరిగితే నీళ్లు చాలలేదని గుర్తు, తిరగేసేటప్పుడు తడపాలి. ఇలా నాలుగైదుసార్లు తిరగేసి తర్వాత ఓ నెల కదపకుండా వదిలేస్తే మృగశిర కార్తె నాటికి, తొలకరి విత్తనాల వేళకి ఎరువు చేతికొస్తుంది. అయ్యిందో లేదో తెలియకపోతే ఓ కుండీలో సగం మట్టి, సగం ఈ ఎరువు కలిపి గుప్పెడు పెసలు చల్లండి. పక్కనే వట్టి మట్టిలో చల్లినవాటితో సమానంగా మొలిస్తే ఎరువు తయారైనట్టే. మొలక చివర్లు మాడితే ఇంకో నెల ఆగాలి.

అంత సరుకు లేనివాళ్లు, డాబా మీద నాలుగే కోళ్లు ఉన్నవాళ్లు వేడి కుప్ప మీద ఆశ పెట్టుకోకుండా కాలాన్ని నమ్ముకోవచ్చు. మూతా, పక్కన చిల్లులూ ఉన్న డ్రమ్ములో ఎండాకులతో కలిపి వేసి, నిండాక ఆరు నెలలు వదిలెయ్యడమే. వానపాముల తొట్టి ఉన్నవాళ్లు తాజా పెంట అందులో వెయ్యకూడదు, అమ్మోనియాకి, ఉప్పుకి వానపాములు చచ్చిపోతాయి. మొదటి వేడి అంతా అయిపోయి చల్లారిన సరుకే వాటికి ఇవ్వాలి.

మొక్కలకి ఎంత

పచ్చి పెంట మొక్క మొదట్లో వేస్తే మాడిపోవడానికి కారణం వేడి అని అంటుంటారు. నిజానికి వేళ్లని కాల్చేది అమ్మోనియా, లవణాలు. ఆకుకూరలకి, ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపలకి పచ్చి పెంట అసలు వద్దు, క్రిముల భయం వేరే ఉంది. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల్లో పచ్చి ఎరువు వేశాక, నేలకి తగిలే పంట అయితే 120 రోజులు, తగలనిది అయితే 90 రోజులు ఆగాకే కొయ్యాలని ఉంది. పెరటి తోటకీ అది మంచి కొలతే.

తయారైన ఎరువు అయినా ఇది పశువుల ఎరువు కాదని గుర్తుంచుకోవాలి. చదరపు మీటరుకి అర కిలో నుంచి కిలో చాలు, కుండీ మట్టిలో అయితే పదో వంతుకి మించొద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే పేటల్లో ఇంకా తగ్గించాలి. గుడ్ల కోళ్ల రెట్టలో సున్నం పాలు ఎక్కువ, మన నల్లరేగడి నేలలేమో అసలే క్షారం వైపు మొగ్గి ఉంటాయి. ఏటా ఇదే వేస్తూ పోతే భాస్వరం పేరుకుపోయి ఇనుము, జింకు మొక్కకి అందవు. నిమ్మ చెట్టుకో, మందారానికో లేత ఆకులు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇంకా ఎరువు కావాలనుకుని ఇంకో తట్ట వెయ్యకండి, ఓ ఏడాది ఆపండి. గుంటూరు పక్కన లాంలో ఉన్న వ్యవసాయ పరిశోధనా కేంద్రం వాళ్లనో, మండల వ్యవసాయాధికారినో అడిగి మట్టి పరీక్ష చేయించుకుంటే ఊహలతో పని ఉండదు.

మిగిలిన ఎరువు కాలవలో పారబొయ్యొద్దు. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ నీళ్లు దిగువన తాగేవాళ్లు, పొలాలకి పెట్టుకునేవాళ్లు ఉన్నారు. పచ్చిగా, తడిగా ఉన్న పెంటని చెత్త బండిలో వేస్తే తడి చెత్త డబ్బాలో విడిగా వెయ్యాలి, ప్లాస్టిక్ కవర్లో మూట కట్టి వేస్తే అది కంపోస్టుకి పనికిరాకుండా పోతుంది. అన్నిటికంటే మంచిది మిద్దె తోట ఉన్నవాళ్లకో, కంకిపాడు, తాడేపల్లి వైపు కూరగాయలు పండించే రైతుకో ఇవ్వడం. ఇచ్చేటప్పుడు బస్తా మీద కుప్ప వేసిన నెల రాయండి, కోళ్లకి ఈమధ్య మందులేమైనా వాడితే ఆ సంగతి చెప్పండి, పచ్చిదైతే పచ్చిదని చెప్పండి, నాట్లకి నెల ముందే దుక్కిలో కలిపెయ్యాలని వాళ్లకి తెలియాలి.